నగలు తీసేసి రాయమన్న క్రీమ్: ఒక కేసు, దాని వెనక ఉన్న కంతలు

పేషెంట్, ఆమె తల్లి ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా ఊరు, ఉద్యోగం వంటి వివరాలు మార్చాను.

ఇరవైల్లో ఉన్న అమ్మాయి. గోదావరి జిల్లాల్లో ఒక పల్లెటూరు, ప్రైవేటు స్కూల్లో టీచరు. పెళ్లి కుదిరింది, ముహూర్తం ఇంకా పెట్టుకోలేదు. తల్లితో కలిసి మా చర్మవ్యాధుల ఓపీకి వచ్చింది. చెప్పిన బాధ ఒక్కటే, మొహం మంట. ఎండలోకి వెళ్తే మంట, పొయ్యి దగ్గర నిలబడితే మంట, సబ్బు తగిలితే మంట. క్రీమ్ రాసుకుంటే ఓ పూట హాయిగా ఉంటుంది, మానేస్తే రెండు రోజుల్లో మొహమంతా ఎర్రగా కందిపోతుంది. అందుకని మానలేకపోతోంది.

"మొహానికి ఏం వాడుతున్నావమ్మా?" అని అడిగితే, "ఏం లేదండి, మామూలు క్రీమేనండి" అంది.

ఈ జవాబు మాకు రోజూ వినబడేదే. మామూలు క్రీమ్ అంటే శనగపిండి లాంటి నిరపాయమైనది కావచ్చు, అతి ఘాటు స్టెరాయిడూ కావచ్చు. అందుకే పేర్లు అడగడం మానేసి, ఇంట్లో మొహానికి రాసేవన్నీ కవర్లో వేసుకుని తెమ్మంటాను. ఈ తల్లి చెప్పకముందే తెచ్చింది. కవర్లోంచి ఒక ట్యూబు, ఒక చిన్న డబ్బా బయటికి తీసి బల్ల మీద పెట్టింది.

ముందు మొహం సంగతి. బుగ్గల మీద చర్మం పల్చబడి, కింద రక్తనాళాలు ఎర్రటి దారాల్లా పైకి కనిపిస్తున్నాయి. గడ్డం చుట్టూ మొటిమలు, అన్నీ ఒకే సైజులో ఉన్నాయి. వయసు మొటిమలైతే చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, బ్లాక్‌హెడ్స్ కూడా ఉంటాయి. ఇలా అచ్చు గుద్దినట్టు ఒకే తీరులో వస్తే స్టెరాయిడ్‌ను అనుమానించాలి. చెంపల పక్కన నూగు పెరిగింది. ఏ మంగు మచ్చల కోసం ఇదంతా మొదలుపెట్టిందో అవి చెంపల మీద అలాగే ఉన్నాయి, చుట్టూ ఎరుపు చేరింది, అంతే. స్టెరాయిడ్ వాడకం వల్ల పాడైన ఇలాంటి మొహానికి మన దేశపు చర్మవైద్యులే 2008లో ప్రత్యేకంగా ఒక పేరు పెట్టారు. అంత ఎక్కువగా చూస్తున్నాం మరి.

ట్యూబు, డబ్బా

ట్యూబులో మూడు మందులున్నాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్. మొదటిది రంగు తయారీని ఆపుతుంది, రెండోది పైపొరను త్వరగా రాల్చి మందును లోపలికి పంపుతుంది, మూడోది స్టెరాయిడ్, మొదటి రెండింటి వల్ల వచ్చే మంటను అణుస్తుంది. ఈ తరహా మిశ్రమాన్ని అమెరికన్ చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ 1975లో ప్రకటించాడు. మంగుకు ఇది మంచి మందే. నేనూ రాస్తాను, కొన్ని వారాలకు, రాత్రిపూట, మచ్చ ఉన్నంత మేర మాత్రమే, పొద్దున సన్‌స్క్రీన్‌తో. ఈ అమ్మాయి రెండేళ్లుగా మొహమంతా, మెడతో సహా, రోజుకు రెండుసార్లు రాస్తోంది.

ట్యూబు మీద ఎర్ర గీత ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదన్న షెడ్యూల్ హెచ్ హెచ్చరికా ఉంది. చట్టం అడిగినవన్నీ ట్యూబు మీద ఉన్నాయి.

డబ్బా సంగతి వేరు. బంగారు రంగు మూత. పక్కన అరబిక్‌లో కొన్ని లైన్లు, కింద ఇంగ్లిషు. తయారీదారు చిరునామా లేదు, బ్యాచ్ నంబరు లేదు, దిగుమతిదారు పేరు లేదు, ఏమేం కలిపారో లేదు. ఉన్నది వాడే విధానం ఒక్కటే. అందులో చివరి లైను నగలకు తగలనివ్వొద్దని. ఆ లైను చదువుతుంటే తల్లి అందుకుంది.

"అవునండి, రాసేటప్పుడు గొలుసు, కమ్మలు తీసేయమని మా చెల్లి మరీ మరీ చెప్పిందండి. బంగారం తెల్లగా పాలిపోద్దంటండి."

చెల్లెలు కువైట్‌లో ఇళ్లల్లో పని చేస్తుంది. సెలవుకి వచ్చినప్పుడల్లా సెంటు సీసాలు, సబ్బులు, చాక్లెట్లతో పాటు ఈ డబ్బాలూ తెచ్చేది. అవి అయిపోతే అలాంటివే పక్క టౌన్లో ఒక ఫ్యాన్సీ షాపులో దొరికాయట. ట్యూబుతో మొదట్లో తేలిన రంగు నిలవకపోయేసరికి, పైన ఈ డబ్బా క్రీమ్ కూడా కలిపారు. అది ఏడాదికి పైమాటే.

బంగారం పాలిపోయేలా చేసేది పాదరసం. తగిలితే బంగారంతో కలిసిపోయి తెల్లటి మిశ్రమమవుతుంది, ఏ కంసాలిని అడిగినా చెబుతాడు. చర్మంలో మెలనిన్ తయారుకావాలంటే రాగి ఉన్న ఒక ఎంజైము పని చేయాలి. పాదరసం దాన్ని పడుకోబెడుతుంది, రంగు తగ్గుతుంది. అది చర్మంతో ఆగక రక్తంలోకి వెళ్లి చాలావరకు కిడ్నీల్లో చేరుతుంది. వెండి, బంగారం, అల్యూమినియం, నగలు తగలనివ్వొద్దని ఒక క్రీమ్ మీద రాసుంటే పాదరసం ఉందని అనుమానించాలని అమెరికా ఆరోగ్య అధికారులు ఎప్పుడో చెప్పారు. మన దగ్గర ఆ లైను చదివి బంగారం జాగ్రత్త చేసుకుంటున్నారు.

చెప్పులు విప్పమన్నాను. చీలమండ మీద వేలుతో నొక్కి పట్టుకుంటే గుంట పడి అలాగే నిలిచింది. పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బుగా ఉంటుందా అంటే ఉంటుందంది. మూత్రం నురగ వస్తోందా అంటే తల్లి వైపు చూసి తలూపింది. క్లాసులో రోజంతా నిలబడటం వల్ల కాళ్లు వాస్తున్నాయని అనుకుంటున్నారట.

పరీక్షలు

ఆ రోజే ల్యాబులో మూత్రం చూపిస్తే అల్బుమిన్ అనే ప్రొటీన్ మూడు ప్లస్‌లు. 24 గంటల మూత్రంలో ప్రొటీన్ 4.6 గ్రాములు, మూడున్నర దాటితేనే తీవ్రమని లెక్క. రక్తంలో అల్బుమిన్ 2.7, క్రియాటినిన్ 0.8, బీపీ మామూలే. అంటే కిడ్నీ వడపోత శక్తి తగ్గలేదు, జల్లెడ మాత్రం కారుతోంది. అక్కడితో నా పని అయిపోయి కిడ్నీ డాక్టరు, అంటే నెఫ్రాలజిస్టు పని మొదలైంది. బయాప్సీలో మెంబ్రేనస్ నెఫ్రోపతీ అని తేలింది, కిడ్నీలో వడపోసే పొర దెబ్బతిని ప్రొటీన్ కారిపోయే జబ్బు. సాధారణంగా ఈ జబ్బులో కనిపించే పీఎల్‌ఏ2ఆర్ అనే గుర్తు నెగెటివ్, నెల్-1 అనే ప్రొటీన్ పాజిటివ్. మూత్రంలో పాదరసం ల్యాబు పెట్టుకున్న గరిష్ఠ పరిమితికి ఎన్నో రెట్లు ఉంది.

నెల్-1 అని రిపోర్టు రాగానే నెఫ్రాలజిస్టు నాకు ఫోన్ చేసి మొదట అడిగింది క్రీముల గురించే. దానికి కారణం కేరళ. మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లోని ఆస్టర్ మిమ్స్ ఆసుపత్రి నెఫ్రాలజిస్టులు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా తమ దగ్గరికొచ్చిన 22 మెంబ్రేనస్ నెఫ్రోపతీ కేసుల్ని పరిశీలిస్తే, 15 మందిలో నెల్-1 కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లే. ఆ సంఖ్యల తర్వాత దక్షిణాదిలో ఈ రిపోర్టు వస్తే క్రీమ్ గురించి అడగడం అలవాటైంది. నాటు మందుల గురించి కూడా అడగాలి. వాటికీ ఇదే జబ్బుకీ ఉన్న సంబంధాన్ని వెల్లూరు సీఎంసీ వైద్యులు అంతకుముందే బయటపెట్టారు. ఈమెకు అలాంటి అలవాటు లేదు. నెల్-1 కొన్నిసార్లు క్యాన్సర్‌తో పాటు వస్తుంది కాబట్టి ఆ పరీక్షలూ చేయించాం, ఏమీ లేదు.

చికిత్స

కిడ్నీ వైపు చికిత్స ఆశ్చర్యపడేంత సాదా. క్రీమ్ ఆపడం, ప్రొటీన్ కారడం తగ్గించడానికి టెల్మిసార్టాన్, వాపుకి ఫ్రూసమైడ్, కొలెస్టరాల్ మాత్ర. ఇమ్యూనిటీని అణిచే మందులు వెంటనే మొదలుపెట్టకుండా నెఫ్రాలజిస్టు వేచి చూశారు. పాదరసాన్ని బయటికి లాగే మందుల గురించీ చర్చించాం. కిడ్నీ పనితీరు బాగుండటం, క్రీమ్ ఆపాక మూత్రంలో పాదరసం దానంతటదే దిగుతుండటం చూసి వద్దనుకున్నారు. కొన్ని నెలలకు ప్రొటీన్ అర గ్రాము లోపుకి వచ్చింది. అందరికీ ఇంత సులువుగా తగ్గుతుందని ఈ ఒక్క కేసు చూసి అనుకోకూడదు.

మొహమే ఎక్కువ ఏడిపించింది. స్టెరాయిడ్ ఆపిన మొదటి రెండు మూడు వారాలు మొహం ఇంకా ఎర్రబడుతుంది, చీము పొక్కులు వస్తాయి, మంట పెరుగుతుంది. ఆ టైములోనే చాలామంది మళ్లీ ట్యూబు పట్టుకుంటారు, డాక్టర్ని మార్చేస్తారు. ముందే కూర్చోబెట్టి చెప్పాను, మొదటి రోజు ఫొటో తీసి ఫైల్లో పెట్టాను. అయినా పదో రోజున తల్లి నుంచి ఫోన్: "మేడమ్ గారూ, మీ మందు వాడాక ఇంకా పాడైపోయిందండి. పెళ్లివారు చూడ్డానికొస్తామంటున్నారండి. నాకు ఒకటే టెన్షన్‌గా ఉందండి." స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఆయింట్‌మెంటు, పొక్కులకి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, వాసన లేని మాయిశ్చరైజర్, చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ. ఇంతకు మించి దీనికి మంత్రమేమీ లేదు. ఎరుపు తగ్గడానికి నెలలు పట్టింది. కొన్ని రక్తనాళాలు ఇప్పటికీ ఉన్నాయి.

మాత్రలు వాడుతున్నంతకాలం గర్భం రాకూడదు. టెల్మిసార్టాన్ బిడ్డకు హాని చేస్తుంది, డాక్సీసైక్లిన్ వాడకూడదు, పాదరసం మాయ దాటి బిడ్డను చేరుతుంది. ఆ మాట అమ్మాయికి విడిగా చెప్పాను. అబ్బాయి తరఫు వాళ్లకి చెప్పాలా వద్దా అని తల్లి అడిగింది. అది వాళ్ల నిర్ణయం, నేను వేలు పెట్టలేదు. పెళ్లి మాత్రం వాయిదా వేసుకున్నారు.

ఇంకో సంగతి మర్చిపోకూడదు. పాదరసం క్రీమ్ రాసుకున్నవాళ్లతో ఆగదు. తువ్వాళ్లు, దిండు గలీబులకు అంటుకుంటుంది, కొంత ఆవిరై గదిలో గాలిలో కలుస్తుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో మరీ ప్రమాదం. ఇంట్లో అందరికీ మూత్ర పరీక్ష చేయిస్తే తల్లికి కూడా కొంచెం ఎక్కువగానే వచ్చింది. "ఒకట్రెండు సార్లు రాశానండి, ఎలా ఉంటుందో చూద్దామని" అంది, నేల చూపులు చూస్తూ.

చట్టం ఎక్కడ ఆగింది

ట్యూబు ఎలా దొరికిందో చూద్దాం. అమ్మాయికి ఏ డాక్టరూ రాయలేదు. వరసకి అక్క అయ్యే ఆమెకి వేరే ఊళ్లో డాక్టరు రాసిన చీటీ ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. రాత్రిపూట ఆరు వారాలు అని ఆ చీటీలో స్పష్టంగా ఉంది. మొదటిసారి షాపులో ఫొటో చూపించారు, రెండోసారి నుంచి ఖాళీ ట్యూబు చూపిస్తే చాలింది.

ఇది చట్టం లేని చోట జరిగిన పని కాదు. పైపూతగా వాడే మందులకు షెడ్యూల్ హెచ్‌లో చాలాకాలం మినహాయింపు ఉండేది. చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ ఏళ్ల తరబడి పోరాడాక, 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పైపూతల్ని చీటీ ఉంటేనే అమ్మాలని నోటిఫై చేసింది. ఆ పోరాటానికి పునాది 2011లో అచ్చయిన ఒక అధ్యయనం. దేశంలో 12 కేంద్రాల్లో మొహం సమస్యలతో వచ్చిన 2,926 మందిని చూస్తే 433 మంది స్టెరాయిడ్ క్రీములు రాస్తున్నారు, అందులో సగానికి పైగా డాక్టరు కానివాళ్లు చెప్పగా మొదలుపెట్టినవాళ్లే. అంతకంటే పాత నిబంధన ఇంకొకటి డ్రగ్స్ రూల్స్‌లోనే ఉంది: డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప ఒక చీటీకి ఒక్కసారే మందు ఇవ్వాలి, ఇచ్చిన షాపు పేరు, చిరునామా, తేదీ ఆ చీటీ మీదే వేయాలి. నా చీటీల మీద అలాంటి ముద్ర కనిపించడం బహు అరుదు. ఆ ముద్ర వేసి ఉంటే వాట్సాప్ ఫొటోతో రెండేళ్లు నడిచేది కాదు.

కొన్ని యాంటీబయాటిక్స్, క్షయ మందులు ఉన్న హెచ్1 జాబితాకి ప్రత్యేక రిజిస్టరు ఉంది. డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఇచ్చిన పరిమాణం రాసి మూడేళ్లు దాచాలి. మొహానికి వాడే స్టెరాయిడ్ మిశ్రమాల్ని కూడా ఆ జాబితాలోకి మార్చాలని నా అభిప్రాయం. షాపువాళ్లకి పని పెరుగుతుందని గొణుగుతారు, నిజమే. అయితే డ్రగ్ ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు తిరగేయడానికి ఒక పుస్తకం అంటూ ఉంటుంది.

డబ్బా దగ్గర చట్టం కాగితం మీద ఇంకా కఠినం. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం మొహం క్రీములో పాదరసం కలపనే కూడదు. ముడిసరుకుతో తెలియకుండా వచ్చేదైనా 1 పీపీఎం, అంటే పది లక్షల్లో ఒక వంతు, దాటకూడదు. దిగుమతి చేసిన సరుకైతే రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు చిరునామా లేబుల్ మీద ఉండాలి. పాదరసంపై అంతర్జాతీయ మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. 2023లో ఆ ఒప్పంద దేశాలు ఆ 1 పీపీఎం వెసులుబాటు కూడా తీసేసి, పాదరసం కలిపిన సౌందర్య సాధనాలన్నిటినీ 2025 కల్లా ఆపాలని తీర్మానించాయి.

ఇవన్నీ ఉన్నా సూట్‌కేసులో వచ్చే డబ్బాకి రిజిస్ట్రేషన్ నంబరు అడిగేవారు లేరు. ఇంకో పెద్ద కంత అమ్మకంలో ఉంది. మందులు అమ్మాలంటే లైసెన్సు కావాలి, కాస్మెటిక్స్ అమ్మడానికి అక్కర్లేదు. తయారీకే లైసెన్సు. కాబట్టి మెడికల్ షాపుల జాబితా ఇన్‌స్పెక్టరు దగ్గర ఉంటుంది, ఫ్యాన్సీ షాపులు, బ్యూటీ పార్లర్ల జాబితా ఉండదు. ఫిర్యాదు వస్తేనే వెళ్లాలి. కేరళ డ్రగ్స్ కంట్రోల్ విభాగం 'ఆపరేషన్ సౌందర్య' పేరుతో ఇలాంటి షాపుల మీదికి తనంతట తాను వెళ్లి శాంపిళ్లు తీసింది. మన రెండు రాష్ట్రాలకీ గల్ఫ్ రాకపోకలు తక్కువేమీ కాదు, ఇక్కడా అలాంటిది ఒకటి అవసరం.

ఈ కేసులో నేను చేసినవి రెండు. ట్యూబు విషయం, మందుల దుష్ప్రభావాల్ని నమోదు చేసే ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్‌కు నివేదికగా పంపాను. దానికి డాక్టరే అక్కర్లేదు, పేషెంట్లు కూడా 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పొచ్చు. డబ్బా గురించి డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి రాసిచ్చాను. మూత తీసి వాడేసిన డబ్బా, బిల్లు లేదు, దాని మీద కేసు నిలవదని ఆయన అన్నారు, ఆయన చెప్పింది సబబే. షాపుకి వెళ్లి సీల్ తీయని డబ్బాను పద్ధతి ప్రకారం శాంపిల్ తీస్తేనే కోర్టులో చెల్లుతుంది. వెళ్లేసరికి అలమరాలో ఆ డబ్బాలు లేవు. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది: డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 26వ సెక్షన్ కింద కొన్నవాళ్లెవరైనా ఫీజు కట్టి ఆ సరుకును ప్రభుత్వ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. బిల్లు అడిగి తీసుకోండని నా పేషెంట్లకు చెబుతున్నాను. ఇచ్చే షాపులు తక్కువ.

మొత్తంగా నిషేధించేస్తే పోలేదా అని తోటి డాక్టర్లే అంటుంటారు. పాదరసం విషయంలో రెండో మాటే లేదు. హైడ్రోక్వినోన్ మీద మాత్రం నేను ఒప్పుకోను. దక్షిణాఫ్రికా 1990లోనే తెల్లబడే క్రీముల్లో దాన్ని నిషేధించింది, అక్కడి సంతల్లో దొంగ క్రీములు ఆ తర్వాతా అమ్ముడయ్యాయి. అమెరికా 2020లో చీటీ లేకుండా అమ్మడం ఆపింది, చీటీ మీద ఇప్పటికీ దొరుకుతుంది. మంగుతో బాధపడే ఆడవాళ్లకు పనికొచ్చే మందు అది. అది అసలే దొరక్కపోతే వాళ్లు వెళ్లేది లేబుల్ లేని డబ్బా దగ్గరికే. రంగు తేలడానికని ఎక్కించుకునే గ్లూటాథయాన్ సెలైన్ల మోజు కూడా అలాగే పెరిగింది. రంగు కోసం ఆ ఇంజెక్షన్‌కి మన దగ్గర అనుమతి లేదు, ఫిలిప్పీన్స్ ప్రభుత్వం ప్రజల్ని హెచ్చరించింది కూడా. అయినా ఓపీలో వారానికి ఒకరైనా రేటెంతని అడుగుతారు.

అమ్మాయి ఇప్పుడు టెల్మిసార్టాన్ తక్కువ డోసులో వాడుతోంది, మూత్ర పరీక్షకి నెఫ్రాలజిస్టు దగ్గరికి వెళ్తోంది. మంగుకి అజెలాయిక్ ఆసిడ్, సన్‌స్క్రీన్ రాశాను, మెల్లగా పని చేస్తున్నాయి. కువైట్ పిన్నికి ఫోన్లో అన్నీ చెప్పారట. ఆమె కూడా అదే క్రీమ్ చాలా ఏళ్లుగా రాస్తోంది. సంక్రాంతికి వస్తే ముందు మూత్ర పరీక్షకి తీసుకురమ్మని తల్లికి చెప్పి పెట్టాను.